ఆ ప్యాకేజీ ఎంతమందికి వచ్చింది?

ఎంసెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు పెట్టేదాకా ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఒకటే గోల. ఒకాయన సీఎస్ఈ తప్ప ఇంకేదీ చదువే కాదంటాడు. ఇంకొకాయన సీఎస్ఈ పని అయిపోయింది, ఏఐ వచ్చేసిందంటాడు. ఫ్యామిలీ గ్రూపులో బాబాయి పొద్దున్నే నాలుగు వీడియో లింకులు పడేస్తాడు. వీటిని అసలు చూడొద్దని నేను చెప్పను. ఇంట్లో ఎవరూ ఇంజనీరింగ్ చదవని పిల్లలకు ఒకప్పుడు ఊళ్లో ఉన్న ఒక్క లెక్చరర్ మాటే దిక్కు. ఇప్పుడు పదిమంది చెప్పేది వినే వీలుంది. కాకపోతే వినేటప్పుడు కాస్త వడపోత కావాలి.

ముందుగా ప్యాకేజీ అంకె సంగతి. 'మా విద్యార్థికి 40 లక్షలు' అన్న పోస్టర్ చూడగానే మన మనసు ఆ ఒక్క పిల్లాడి చోట మన పిల్లాణ్ణి కూర్చోబెట్టేస్తుంది. ఒక క్లాసులో తొమ్మిది మందికి ఉద్యోగాలొచ్చాయనుకోండి. ఒకరికి 40 లక్షలు, మిగతా ఎనిమిది మందికి తలా 4 లక్షలు. సగటు తీస్తే 8 లక్షలు. ఆ తొమ్మిది మందిలో 8 లక్షలు తీసుకునేవాడు ఒక్కడూ లేడు! జీతాలను వరసగా పేర్చి మధ్యలో ఉన్నది చూస్తే 4 లక్షలు. దాన్నే మీడియన్ అంటారు, మీరు అడగాల్సింది అదే. ఆ క్లాసులో అరవై మంది ఉంటే మిగిలిన యాభై ఒక్క మంది ఏమయ్యారన్నదీ అడగాలి. పైగా ప్యాకేజీ అంటే చేతికొచ్చే జీతం కాదు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే, అన్నీ కలిపి చెప్పే మొత్తం అది.

ఈ మీడియన్ ఎక్కడ దొరుకుతుంది? కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన కాలేజీ అయితే, తాను ఇచ్చిన వివరాల పీడీఎఫ్‌ను తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతమెంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అని ఒకే వరసలో ఉంటాయి. ఇవీ కాలేజీ ఇచ్చుకున్న లెక్కలే. బ్రాంచివారీగానూ ఉండవు. అయినా పోస్టర్ మీది అంకెను దీని పక్కన పెట్టి చూస్తే చాలావరకు తేటతెల్లమవుతుంది. అలాగే న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది; ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచివారీగా, కొన్నేళ్ల గడువుతో ఇస్తారు. కాలేజీ గేటు మీద ఎన్‌బీఏ అని రాసుందంటే మీవాడు చేరబోయే బ్రాంచికి ఉన్నట్టు కాదు.

'ఏ ర్యాంకుకు ఏ కాలేజీ' అనే వీడియోల కోసం గంటలు పోగొట్టుకోనక్కర్లేదు. కిందటేడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ సైట్‌లోనే పెడతారు. వీడియోల్లో చాలావాటికి మూలం అదే, పైన థంబ్‌నెయిల్ అలంకారం అదనం.

చెప్పేవాడు అబద్ధాలకోరు కానక్కర్లేదు. '2021లో ఆరు నెలల కోర్సు చేశాను, మూడు ఆఫర్లు వచ్చాయి' అనే కుర్రాడు నిజమే చెబుతుండొచ్చు. 2021, 22 సంవత్సరాల్లో ఐటీ కంపెనీలు ఎగబడి ఉద్యోగులను తీసుకున్నాయి. 2023 నుంచి బాగా తగ్గించాయి. అతని కష్టం నిజం, అతని కాలం వేరు. అందుకే వీడియో ఏ ఏడాదిదో, చెప్పే మనిషి ఏ బ్యాచ్‌వాడో ముందు చూడండి. అమెరికా ఎమ్మెస్ సలహాలకైతే ఇది మరీ ముఖ్యం. 2025 సెప్టెంబరు తర్వాత, అక్కడ ఉద్యోగానికి కావాల్సిన హెచ్1బీ వీసా రుసుముల లెక్కే మారిపోయింది.

తర్వాత చూడాల్సింది, మనం వింటే చెప్పేవాడికేం వస్తుందన్నది. వీడియో కింద కోర్సు లింకు, డిస్కౌంట్ కోడ్ ఉన్నాయా? డబ్బు తీసుకుని చెబుతుంటే ఆ మాట వీడియోలోనే స్పష్టంగా చెప్పాలని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలిచ్చింది. కోచింగ్ సంస్థలు ఉద్యోగం గ్యారంటీ అంటూ తప్పుడు హామీలివ్వకూడదని, విజేత ఫొటో వేస్తే అతను ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో, అది డబ్బు కట్టి చదివిందో కాదో కూడా చెప్పాలని 2024 నవంబరులో మరికొన్ని నిబంధనలు వచ్చాయి. ఉచితంగా మాక్ ఇంటర్వ్యూకు వచ్చిన ర్యాంకర్‌ను తమ విద్యార్థిగా చూపించుకున్న సంస్థలకు జరిమానాలూ పడ్డాయి. నా వరకు నేను ఎక్కువ నమ్మేది 'ఇది ఫలానా పిల్లలకు పనికిరాదు' అని ఒక్కసారైనా చెప్పే మనిషిని. అందరికీ అన్నీ మంచివేననేవాడు అమ్మేవాడే.

లింకు పంపి 'చూడు నాన్నా' అంటే పిల్లలు చూడరు. చూసినా, నచ్చిందో లేదో మీకు చెప్పరు. వాళ్లు చూసేదే ఒకటి మీకు చూపించమనండి, మధ్యలో మాట్లాడకుండా పూర్తిగా వినండి. 'ఇందులో నీకేం నచ్చింది?' అని అడిగితే ఒక్కోసారి డేటా సైన్స్ మోజు వెనక స్నేహితుడు చేరుతున్నాడన్న సంగతి బయటపడుతుంది. అందుకు కోప్పడకండి. యూనివర్సిటీ సైట్‌లో ఆ బ్రాంచి రెండో ఏడాది సిలబస్ తెరిచి, సబ్జెక్టుల పేర్లు ఇద్దరూ కలిసి చదవండి. లెక్కలంటే పారిపోయే పిల్లకు ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ ఎదురైతే తనే రెండోసారి ఆలోచిస్తుంది. తర్వాత అదే కాలేజీలో మూడో ఏడాది చదివే మీ ఊరి పిల్లల్ని ఒకరిద్దరిని పట్టుకుని, ల్యాబులు నడుస్తాయా, కంపెనీలు క్యాంపస్‌కు వస్తాయా, లేక పలు కాలేజీలకు కలిపి బయట జరిపే పూల్ డ్రైవ్‌లకు పిల్లల్నే పంపుతారా అని అడగండి.

'ఈ రాత్రికే సీటు బుక్ చేయండి, రేపు ఫీజు పెరుగుతుంది' అని ఫోనొస్తే పెట్టేయండి. కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటు ఫోన్లో ఎవరూ ఇవ్వలేరు. కోర్సుకు డబ్బు కట్టాల్సే వస్తే రీఫండ్ షరతులు రాతపూర్వకంగా అడగండి, వాళ్లిచ్చిన హామీల మెసేజ్‌లు చెరిపేయకండి. ఇప్పటికే కట్టి మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, రసీదు నంబరు చేతిలో పెట్టుకోండి.