గెట్ పక్కన ఏముందో చూడండి

హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పినంత కాలం గమనించాను, రిటైరయ్యాక ఇంటికి వచ్చే పిల్లల్లోనూ గమనిస్తున్నాను. ‘ఎన్విరాన్‌మెంట్’ లాంటి మాటకు తడుముకోకుండా అర్థం చెప్పే పిల్లవాడు ‘ఐ గెట్ ఇట్’ దగ్గర ఆగిపోతాడు. దానికి ‘నాకు అర్థమైంది’ అని అర్థమని ఎవరూ చెప్పి ఉండరు. తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వచ్చిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1. గెట్ అంటే ‘పొందు’ అని బట్టీ పట్టకండి. ఉత్తరం, ఉద్యోగం, మార్కులు వరకు ఆ అర్థం పనికొస్తుంది. ‘ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్’ దగ్గరికి వచ్చేసరికి చీకటి దేన్ని పొందిందో తెలియక తికమకపడతారు. మన ‘పడు’ను చూడండి. వాన పడింది, భయపడ్డాడు, బాకీ పడ్డాడు, అలవాటు పడ్డాడు, నీతో పని పడింది. వీటి అర్థాలు మనకెవరూ జాబితా వేసి నేర్పలేదు. పక్క మాటతో కలిపి విన్నాం, అలాగే పలికాం. గెట్ కూడా అలాగే పట్టుబడుతుంది.

ఈ సంగతి బాగా గుర్తించినవాడు ఏ.ఎస్. హార్న్‌బీ. ఆయన జపాన్‌లో ఇంగ్లిష్ నేర్పిన మాస్టారు. సహచరులతో కలిసి ఆయన తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో దాన్నే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఏ క్రియ తర్వాత ఎలాంటి మాటలు వస్తాయో అందులో నమూనాలు కట్టి చూపించాడు. నేటి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. కొనగలిగితే ఈ నేటి డిక్షనరీ కొనండి. అందులో గెట్ ఉన్న పేజీలు కథ చదివినట్టు మొదటి నుంచి చివరి దాకా చదవండి.

2. మనకు కోపం వస్తుంది, ఆకలి వేస్తుంది, జబ్బు నయమవుతుంది. ఇంగ్లిష్‌లో మనిషి ముందు నిలబడతాడు: ఐ గాట్ యాంగ్రీ, ఐ గాట్ హంగ్రీ, ఐ గాట్ బెటర్. ‘యాంగర్ కేమ్ టు మీ’ అని రాసిన పేపర్లు చాలా దిద్దాను. అది తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ మాటలు తొడగడం.

3. ‘చేయించు’ దగ్గర మాత్రం కాస్త నిదానించండి. మన భాషలో ‘ఇంచు’ చేరిస్తే పని ఇంకొకరి చేత జరిగిందని తెలిసిపోతుంది. ‘మోటారు బాగు చేయించాను’ అనడానికి ‘ఐ రిపేర్డ్ ద మోటర్’ అంటే మీరే స్పానర్ పట్టారని అర్థం. ఇంటర్వ్యూలో అలా చెబితే మీకు మెకానిక్ పని వచ్చనుకుంటారు. ‘ఐ గాట్ ద మోటర్ రిపేర్డ్’ అనాలి. గెట్, ఆ వెంటనే వస్తువు, ఆ తర్వాత క్రియకు మూడో రూపం. ఈ వరస తారుమారు కాకూడదు. ‘గాట్ రిపేర్డ్ ద మోటర్’ అంటే కుదరదు. జుట్టు, బట్టలు, జిరాక్సు అన్నింటికీ ఇదే పద్ధతి.

మనిషి చేత చేయిస్తే వరస మారుతుంది. ‘సంతకం పెట్టించాను’ అన్న మన మాటలో బతిమాలామో బలవంతపెట్టామో తెలియదు. ఇంగ్లిష్‌లో తెలుస్తుంది. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే నచ్చజెప్పి పెట్టించాను. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే మెడలు వంచి పెట్టించాను. మొదటిదానికి ‘టు’ ఉండాలి, రెండోదానికి ఉండకూడదు. ఆఫీసులో మెయిల్ రాసేటప్పుడు ఈ తేడా వల్ల మనసులు నొచ్చుకోవచ్చు, జాగ్రత్త.

పెళ్లి మాట కూడా ఇక్కడే చెప్పాలి. ‘మా అమ్మాయి పెళ్లి చేశాం’ అనే ఉద్దేశంతో తండ్రి ‘ఐ మ్యారీడ్ మై డాటర్’ అనకూడదు. ‘అవర్ డాటర్ గాట్ మ్యారీడ్’ చాలు. ఎవరితో అన్నప్పుడు ‘విత్’ వద్దు, ‘టు’ వాడండి.

4. ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలిసే అవకాశం దొరికింది. ‘ఐ హావ్ గాట్ టు మీట్ హర్’ అంటే కలిసి తీరాలి. గబగబా మాట్లాడేవాళ్ల నోట ‘హావ్’ దాదాపు వినపడదు, ఒక్కోసారి అసలే ఉండదు. కాబట్టి ముందు వెనక మాటలు వినండి. అవతలివారు నిన్నటి సంగతి చెబుతున్నారా, రేపటి పని చెబుతున్నారా అన్నదే ఆధారం.

5. మనం బస్సూ ఎక్కుతాం, కారూ ఎక్కుతాం. లోపల లేచి నడవగలిగిన బస్సుకు, రైలుకు, విమానానికి గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారుకు, ఆటోకు గెట్ ఇన్, గెట్ అవుట్. ‘గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అన్నది మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. హైదరాబాద్ సిటీ బస్సులో నిస్సంకోచంగా అనండి. లండన్‌లో అయితే గెట్ ఆఫ్ అనండి.

6. సి.కె. ఆగ్డెన్ అనే భాషావేత్త 1930లో 850 మాటలతో బేసిక్ ఇంగ్లిష్ అనే సులభ భాష తయారుచేసినప్పుడు అందులో 18 క్రియలే ఉంచాడు. గెట్‌ను తీసేయలేదు. చిన్న మాట చేరిస్తే ఎన్ని క్రియల పని చేస్తుందో ఆయనకు తెలుసు. ఎస్కేప్‌కు గెట్ అవే, రిటర్న్‌కు గెట్ బ్యాక్, రైజ్‌కు గెట్ అప్. మన పిల్లలకు పాఠాల్లోంచి ఎస్కేప్, రిటర్న్ వచ్చు, గెట్ అవే రాదు. రెండూ రావాలంటాను. అర్జీలో, ఆఫీసు ఉత్తరంలో ‘రిసీవ్డ్’ అని రాయండి, స్నేహితుడితో ‘గాట్’ అనండి. ‘గెట్ మీ వాటర్’ అని మాత్రం పెద్దవాళ్లతో అనకండి. అది ‘తే’ అన్నట్టు ఉంటుంది. ముందు ‘కుడ్ యు’, చివర ‘ప్లీజ్’ పెట్టండి.

7. అమెరికాలో పిల్లలున్నవాళ్లు ‘గాటెన్’ విని తప్పనుకుంటారు. అది తప్పు కాదు, పాత రూపం. బ్రిటన్‌లో వాడుక తగ్గింది, అమెరికాలో నిలిచింది. ‘ఫర్‌గాటెన్’లో మాత్రం ఇద్దరూ దాన్ని ఉంచుకున్నారు. అమెరికన్లకు ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉందని, ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించుకున్నానని అర్థం. మనవడు ఫోన్‌లో ఆ మాట అంటే దిద్దకండి, కొత్త కారు ఏ రంగుదో అడగండి.