99 శాతం దగ్గర ఆగిన డౌన్‌లోడ్

"అక్కా, మంచి డౌన్‌లోడర్ ఏదైనా ఉంటే చెప్పవా?" మన క్లబ్ గ్రూపులో నాకు తరచూ వచ్చే మెసేజ్ ఇది. క్లబ్ డిజిటల్ లైబ్రరీ పని నేను చూస్తున్నాను కదా, పాత పుస్తకాల స్కాన్లు, సాహిత్య ప్రసంగాల వీడియోలు రోజూ దించుతూ ఉంటానని అందరికీ తెలుసు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఏం దించాలి, ఎక్కడి నుంచి?" ఈ రెండింటికీ జవాబు ఉంటే సగం పని అయిపోయినట్టే. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఈసారి ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు అసలు చోటు వెతకండి

చాలాసార్లు మనకి డౌన్‌లోడర్ అవసరమే ఉండదు. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు కావాలా? వాళ్ళ సైట్‌లోనే కోర్సు పేజీలో డౌన్‌లోడ్ లింకులు ఉంటాయి. పాత తెలుగు పుస్తకాలు కావాలా? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన వేల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఈ లైబ్రరీ ఏ మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగమో, దాని వెనక ఉన్నది కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాజ్ రెడ్డి గారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఒక స్కానింగ్ కేంద్రంగా పనిచేసింది.

అక్కడ ఒక చిక్కుంది. ఆ పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్ళు ఎక్కించారు. తెలుగులో "కన్యాశుల్కం" అని కొడితే దొరకనిది ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే దొరకొచ్చు. "శు" దగ్గర ఒకరు ఎస్ ఒక్కటే రాస్తారు, ఇంకొకరు ఎస్ పక్కన హెచ్ పెడతారు. చివరి సున్నాకి ఒకరు ఎం, ఇంకొకరు యూ, ఎం. కాబట్టి మూడు నాలుగు రకాలుగా వెతికాకే "లేదు" అనుకోండి. రచయిత పేరుతోనూ ఓసారి వెతకండి. పుస్తకం దొరికాక పేజీలో డౌన్‌లోడ్ ఆప్షన్స్ అనే చోట పీడీఎఫ్, టొరెంట్ లాంటివి వరసగా ఉంటాయి. బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు.

ఏ పనికి ఏ పనిముట్టు

చిన్న ఫైలుకి బ్రౌజర్ చాలు. పెద్ద ఫైలు, పైగా మన హాస్టల్ వైఫై లాంటి కనెక్షన్ అయితే డబ్ల్యూగెట్ గానీ కర్ల్ గానీ వాడండి. డబ్ల్యూగెట్ 1996 నుంచి, కర్ల్ 1998 నుంచి ఉన్నాయి. రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్స్. నల్ల స్క్రీన్ చూసి భయపడకండి, కమాండ్ పేరు రాసి పక్కన లింకు అతికించడమే. లినక్స్ ఐఎస్ఓ లాంటి భారీ ఫైళ్ళకి టొరెంట్ మేలు. అది ఫైలుని ముక్కలుగా తెచ్చి ప్రతి ముక్కనీ సరిచూసుకుంటుంది, ఎక్కడ ఆగినా అక్కడి నుంచే మొదలుపెడుతుంది.

వీడియోల కథ వేరు. స్ట్రీమింగ్ సైట్లు వీడియోని ఒక ఫైలుగా పంపవు. చిన్న చిన్న ముక్కలుగా, బొమ్మ ఒక దారిలో, శబ్దం ఇంకో దారిలో పంపుతాయి. ఆ ముక్కల జాబితా చదివి, అన్నీ తెచ్చి కుట్టే పనిముట్టు కావాలి. 2006లో మొదలైన యూట్యూబ్-డీఎల్ అలాంటిదే. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదుతో గిట్‌హబ్ దాన్ని తీసేసి, నవంబరులో మళ్ళీ పెట్టింది. 2021లో దాని నుంచి చీలి వచ్చిన వైటీ-డీఎల్‌పీ ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది. దీనికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ తోడుండాలి. బొమ్మనీ శబ్దాన్నీ కలిపేది అదే. "వీడియో వచ్చింది గానీ సౌండ్ రావట్లేదక్కా" అన్నవాళ్ళలో చాలామందికి చెప్పిన మందు ఒకటే: ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ నడపండి.

ఎందుకు ఆగింది?

ఎర్రర్ రాగానే విండో మూసేసి ఇంకో సాఫ్ట్‌వేర్ వెతకడం మనందరికీ అలవాటు. ఆగండి. ఆ చివరి లైనులోనే జవాబు ఉంటుంది. అందులో మూడంకెల సంఖ్య ఏముందో చూడండి.

404 అంటే ఆ చిరునామాలో ఫైలు లేదు. ఎన్ని డౌన్‌లోడర్లు మార్చినా రాదు, కొత్త లింకు వెతకాలి. 403 అంటే ఫైలు ఉంది కానీ సర్వర్ మీకు ఇవ్వనంటోంది. లాగిన్ కావాల్సి ఉండొచ్చు, లేదా లింకుకి గడువు తీరి ఉండొచ్చు. పేజీ మళ్ళీ తెరిచి తాజా లింకు తీసుకోండి. 429 అంటే మరీ ఎక్కువసార్లు అడిగారని. కాసేపు ఆగడమే దారి, మళ్ళీ మళ్ళీ నొక్కితే ఇంకా బిగుస్తుంది. 503 అంటే సర్వరే ప్రస్తుతం పని చేయలేని స్థితిలో ఉంది, తర్వాత రండి.

వైటీ-డీఎల్‌పీ నిన్నటిదాకా పనిచేసి ఇవాళ పనిచేయకపోతే ముందు అప్‌డేట్ చేయండి. సైట్లు తమ లోపలి పద్ధతి మార్చినప్పుడల్లా ఈ టూల్ కూడా మారాల్సిందే. హైఫన్ పక్కన పెద్ద అక్షరం యూ ఇస్తే తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళు పిప్‌తోనే చేయాలి. ఏ క్వాలిటీలు ఉన్నాయో చూడాలంటే హైఫన్ పెద్ద ఎఫ్.

ఇక 99 శాతం దగ్గర ఆగిపోవడం. దీనికి కారణాలు చాలా ఉంటాయి. యాంటీవైరస్ చివర్లో ఫైలుని తనిఖీ చేస్తూ ఉండొచ్చు, రెండు నిమిషాలు చూడండి. డిస్క్ నిండిపోయి ఉండొచ్చు. కనెక్షన్ తెగినా బ్రౌజర్‌కి ఇంకా తెలియకపోయి ఉండొచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి దించుతుంటే అది ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. ఆ ఫార్మాట్‌లో ఒక్క ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే సరిపోతుంది, కాకపోతే ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు కాపీ తీసుకోండి.

ఆగినదాన్ని మొదటి నుంచి మొదలుపెట్టకండి. రోజుకి 1.5 జీబీ ప్లాన్ మీద 600 ఎంబీ ఫైలు మూడుసార్లు మొదటి నుంచి దించితే 1.8 జీబీ. ఆ రోజు డేటా అయిపోయింది, ఫైలు మాత్రం రాలేదు. సర్వర్‌ని "నాకు ఇన్నో బైటు నుంచి ఇవ్వు" అని అడిగే వీలు హెచ్‌టీటీపీలోనే ఉంది. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే కోడ్‌తో మిగతా ముక్క పంపుతుంది. డబ్ల్యూగెట్‌కి హైఫన్ పక్కన చిన్న సీ, కర్ల్‌కి హైఫన్ పెద్ద సీ, దాని పక్కన ఖాళీ వదిలి ఇంకో హైఫన్. అంతే. సర్వర్ ఒప్పుకోకపోతే మాత్రం ఏ టూలూ ఏమీ చేయలేదు, 200 అని చెప్పి మొదటి నుంచీ పంపుతుంది.

సగం వచ్చిన ఫైలుకి పేరు మార్చి ఎంపీ4 అని పెడితే అది ఎంపీ4 అయిపోదు. క్రోమ్ దాన్ని సీఆర్‌డౌన్‌లోడ్ అనీ, ఫైర్‌ఫాక్స్ పార్ట్ అనీ పిలిచేది అందుకే. పైగా ఎంపీ4 లోపల ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక చాలాసార్లు ఫైలు చివర్లో ఉంటుంది. ఆ చివరి ఒక్క శాతం రాకపోతే మిగతా 99 శాతం ఉన్నా ప్లేయర్ తెరవలేదు.

స్పీడ్ గురించి ఒక మాట. "40 ఎంబీపీఎస్ నెట్ అన్నారు, డౌన్‌లోడ్ 5 దగ్గరే ఉంది, మోసం" అంటుంటారు. అక్కడ మోసం ఏమీ లేదు. కనెక్షన్‌ని బిట్లలో, ఫైలుని బైట్లలో కొలుస్తారు. 8 బిట్లు ఒక బైటు. 40ని 8తో భాగించండి.

మన తెలుగు పేర్లతో వచ్చే తంటా

ఇది ఇంగ్లీషు గైడ్లలో పెద్దగా కనిపించదు, అందుకే వివరంగా రాస్తున్నా. ఒక సాహిత్య ప్రసంగం వీడియో నా విండోస్ లాప్‌టాప్‌లో మామూలుగా దిగింది. అదే లింకు ల్యాబ్‌లోని లినక్స్ సిస్టమ్‌లో "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని ఆగిపోయింది. పేరు చూస్తే స్క్రీన్ మీద ఒకటిన్నర లైను కూడా లేదు.

లెక్క చూడండి. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగుది మూడు బైట్లు. అందులోనూ గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకి వస్తాయి. "స్త్రీ" మనకి ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం గుర్తు, మొత్తం 6. అంటే 18 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు, కాబట్టి ఇలాంటి గుర్తులు 85 దాటితే కుదరదు. విండోస్ బైట్లతో కాకుండా యూటీఎఫ్-16 యూనిట్లతో లెక్కపెడుతుంది, తెలుగు గుర్తు ఒక్కోటి ఒక్క యూనిట్టే కాబట్టి అక్కడ 255 దాకా పడుతుంది. పరిష్కారం తేలిక: సేవ్ చేసే పేరు మీరే పొట్టిగా ఇవ్వండి. వైటీ-డీఎల్‌పీలో చిన్న అక్షరం ఓ తో పేరు ఇవ్వొచ్చు, ఇన్ని బైట్ల దగ్గర కత్తిరించు అనీ చెప్పొచ్చు.

లింకు కాపీ చేస్తే తెలుగు పోయి శాతం గుర్తులు వరసగా వస్తే కంగారు పడకండి. ఆ బైట్లనే అలా రాస్తారు. "గురజాడ" అన్న ఒక్క పేరు 54 అక్షరాల తోక అవుతుంది. లింకు పాడైనట్టు కాదు. కమాండ్‌లో అతికించేటప్పుడు మాత్రం లింకుని కోట్స్ మధ్య పెట్టండి. లింకులో ఆంపర్‌సాండ్ ఉంటే టెర్మినల్ అక్కడితో కమాండ్ అయిపోయిందనుకుంటుంది.

ఆకుపచ్చ బటన్ల సంగతి

పోయిన సెమిస్టర్‌లో మా బ్రాంచ్ జూనియర్ ఒకతను "ఫ్రీ వీడియో డౌన్‌లోడర్" అని వెతికి, దొరికిన మొదటి సైటు తెరిచాడు. ఒకే పేజీలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు. పెద్దది నొక్కాడు. వచ్చిన ఫైలు పేరు చివర ఎంపీ4 అని కనిపించింది, దాని వెనకున్న ఈఎక్స్ఈ కనిపించలేదు. విండోస్ మామూలుగా ఫైలు పేరు తోకని దాచేస్తుంది. రెండో రోజుకి ఫోల్డర్లన్నీ తాళం పడిపోయి, డబ్బు కట్టమని నోటీసు. మినీ ప్రాజెక్టు రిపోర్టు, కోడ్ అందులోనే ఉన్నాయి, రివ్యూ ఇంకా మూడు రోజులే. గైడ్‌కి మెయిల్ చేసిన పాత డ్రాఫ్టు ఒక్కటే మిగిలింది. ఆ మూడు రాత్రులూ అతనూ, అతని టీమ్ వాళ్ళూ నిద్రపోలేదు.

కాబట్టి నాలుగు పనులు చేయండి. విండోస్‌లో ఫైలు తోకలు కనిపించే సెట్టింగ్ ఇప్పుడే ఆన్ చేయండి. ఏ టూల్ అయినా దాని సొంత ప్రాజెక్టు పేజీ నుంచే తీసుకోండి, ప్రకటనగా పైన వచ్చే ఫలితం నుంచి కాదు. "ముందు ఈ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి", "యాంటీవైరస్ ఆపేయండి" అని అడిగే దేన్నీ నమ్మకండి. ఆ పేజీలో ఎస్‌హెచ్ఏ-256 అని 64 అక్షరాల వరస ఇచ్చి ఉంటే సరిపోల్చండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్ ఆ లెక్క చేసి పెడతాయి. ఒక్క బైటు తేడా ఉన్నా వరస మొత్తం మారిపోతుంది.

ఏది దించొచ్చు, ఏది వద్దు

టూల్ దించగలదు కదా అని అన్నీ దించొచ్చని కాదు. మన దేశంలో రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు అందరివీ. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన పుస్తకాలకి 2043 చివరిదాకా హక్కులున్నాయి. అందుకే మన క్లబ్ డ్రైవ్‌లో మొదటివారి పుస్తకాలు ఉంటాయి, రెండోవారివి లైబ్రరీ బీరువాలో ఉంటాయి. "నెట్‌లో దొరుకుతోంది కదక్కా" అంటారు. దొరకడం వేరు, హక్కు ఉండడం వేరు.

యూట్యూబ్ నిబంధనల ప్రకారం, వాళ్ళే డౌన్‌లోడ్ బటన్ ఇచ్చిన చోట గానీ, అనుమతి ఉన్నప్పుడు గానీ దించుకోవాలి. మేం క్లబ్ కోసం ప్రసంగాలు దాచేటప్పుడు ముందు ఆ ఛానెల్ వాళ్ళకి మెయిల్ రాస్తాం. కొందరు ఒప్పుకుని ఒరిజినల్ ఫైలే పంపిస్తారు, అది మనం దించినదానికంటే బాగుంటుంది. ఇక ఓటీటీ సినిమాలకి డిజిటల్ తాళం ఉంటుంది. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులని ఉల్లంఘించడానికి అలాంటి తాళం పగలగొట్టడం నేరం, రెండేళ్ళ దాకా జైలు. ఆ ప్రశ్నతో నా దగ్గరికి రావొద్దు.

ఇవన్నీ చేశాక కూడా ఆగిపోతే అప్పుడు అడగండి, మొహమాటం వద్దు. కానీ "పనిచేయట్లేదక్కా" అని ఒక్క మాట పంపకండి. లింకు, వాడిన టూల్, దాని వెర్షన్, ఎర్రర్ చివరి మూడు లైన్లు, ఈ నాలుగూ పంపండి. ఆ నాలుగూ రాస్తూ రాస్తూనే సగం మందికి తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది. మిగతా సగం మంది కోసం నేనున్నాను, గ్రూపులో రాయండి.