లెక్క పిల్లవాడిది, కలం నాది

న్యూజెర్సీలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పాను. జనవరి వచ్చిందంటే పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలు నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. వేసవిలో ఏదో ఒక విశ్వవిద్యాలయంలో జరిగే సమ్మర్ ప్రోగ్రామ్‌కి సిఫారసు ఉత్తరం కావాలనేవాళ్లు. వాళ్లలో మన తెలుగు పిల్లలు ఏటేటా పెరుగుతూ వచ్చారు. ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్క లేదు. నా ఇద్దరు పిల్లల్నీ పంపాను. ఇప్పుడు మనవరాలి వంతు వచ్చింది. అందుకే నాకు తెలిసినవీ, తెలిసేసరికి ఆలస్యమైపోయినవీ ఇది చదివే నీకు చెబుతున్నాను. మీ అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని వింటే ఇంకా మంచిది.

1. పేరు కొనుక్కుంటే పేరే చేతికొస్తుంది.

మా అమ్మాయికి పదహారేళ్లప్పుడు ఒక గొప్ప విశ్వవిద్యాలయం పేరున్న కవరు ఇంటికొచ్చింది. "మీ అమ్మాయిని ఎంపిక చేశాం" అన్నది అందులో మొదటి మాట. నేనూ మా ఆయనా పొంగిపోయాం. మూడు వారాలకు కట్టిన ఫీజు అప్పటి నా నెల జీతం కంటే ఎక్కువ. తీరా చూస్తే దాన్ని నడిపేది విశ్వవిద్యాలయం కాదు. సెలవుల్లో ఖాళీగా ఉన్న హాస్టలూ క్లాసు గదులూ అద్దెకు తీసుకున్న ఒక కంపెనీ. పాఠం చెప్పినవాళ్లలో అక్కడి ప్రొఫెసరు ఒక్కరూ లేరు. అమ్మాయికి పెద్ద నష్టమేమీ జరగలేదు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు దొరికారు. కానీ ఆ వేసవిలో బొమ్మలు వేయడం నేర్చుకోవాలని దాని కోరిక. మా వీధి చివర ఒక పెద్దాయన నీటిరంగులు నేర్పేవాడు. "అది ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే" అన్నాను. మరుసటి ఏడాదికి ఆయన ఊరు వదిలి వెళ్లిపోయాడు. మా అమ్మాయి మళ్లీ కుంచె పట్టలేదు.

అలాంటి చోట మూడు వారాలు ఉన్నంత మాత్రాన తర్వాత ఆ విశ్వవిద్యాలయంలో సీటు రాదు. పాఠం ఎవరు చెబుతారు, రోజుకు ఎన్ని గంటలు, పిల్లల చేత ఏం చేయిస్తారు, వచ్చిన దరఖాస్తుల్లో ఎన్నిటిని కాదంటారు. ఈ నాలుగూ అడగకుండా చెక్కు రాయకూడదు. నేను రాశాను.

2. ఒక్క ప్రశ్నతో కాపురం చేయించే చోటే మంచి చోటు.

సోవియట్ యూనియన్ 1957 అక్టోబరులో స్పుత్నిక్‌ను పైకి పంపాక, తమ పిల్లలు సైన్సులో వెనకబడిపోతున్నారని అమెరికాకు బెంగ పట్టుకుంది. ఆ బెంగలోంచే 1959లో కాలిఫోర్నియాలోని ఓహాయ్ అనే చిన్న ఊళ్లో సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్ మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఖగోళశాస్త్రం ఎంచుకున్న పిల్లలకు చాలాకాలంగా ఇచ్చే పని ఒక్కటే. ముగ్గురు కలిసి ఒక జట్టు. తమకిచ్చిన గ్రహశకలాన్ని వాళ్లే టెలిస్కోపులో పట్టుకోవాలి, చుక్కల మధ్య అది ఎక్కడుందో కొలవాలి. అలా వేరువేరు రాత్రుల కొలతలు పోగుచేసి, దాని కక్ష్యను లెక్కగట్టే ప్రోగ్రామ్ సొంతంగా రాయాలి.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి వెళ్లొచ్చి చెప్పాడు. నాలుగు రాత్రులు మబ్బు పట్టింది. ఐదో రాత్రి దొరికింది. కొలతలన్నీ పోగయ్యాక లెక్కవేస్తే వాళ్ల గ్రహశకలం తిన్నగా సూర్యుడిలోకి వెళ్లి పడింది. రెండు రోజులు వెతికితే తేలింది, ఒకచోట రేడియన్లలో ఉండాల్సిన కోణం డిగ్రీల్లోనే ఉండిపోయిందని. ఆ సంగతి చెబుతున్నప్పుడు వాడి ముఖంలో ఉన్న వెలుగు నా క్లాసులో ఏడాదంతా ఎప్పుడూ చూడలేదు. ఏడాదికి నలభై రెండు పాఠాలు ముగించే నాకు, ఒకే లెక్క మీద రెండు రోజులు ఉండనిచ్చే తీరిక ఎక్కడిది? ఉండాల్సింది.

3. తప్పులోంచి కూడా ఏదో ఒకటి దక్కుతుంది.

ఆర్నాల్డ్ రాస్ అనే గణితాచార్యుడు 1957లో నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో హైస్కూలు పిల్లల కోసం వేసవి గణిత శిబిరం పెట్టాడు. 1964లో దాన్ని ఒహాయో స్టేట్‌కు తీసుకెళ్లాడు. ఆయన శిష్యులే 1989లో బోస్టన్‌లో ప్రామిస్ అనే శిబిరం మొదలుపెట్టారు. రాస్ పద్ధతిలో పిల్లలకిచ్చే కాగితం మీద ఒక వాక్యం ఉంటుంది, దాని కింద మూడు పనులు: నిరూపించు, లేదా తప్పని చూపించు, వీలైతే మిగిలింది కాపాడు.

ఉదాహరణకి, ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు అన్నామనుకో. 5 అంటే 1, 4. 13 అంటే 4, 9. బాగానే ఉంది. కానీ 3 దగ్గర పడిపోతుంది, 7 దగ్గర మళ్లీ పడిపోతుంది. తెనాలిలో నేను చదువుకున్న బడిలో అయితే దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి పక్కకు పెట్టేవాళ్లు. టీచరయ్యాక నేనూ అదే చేశాను. రాస్ శిబిరం పిల్లలు మాత్రం అక్కడే ఆగి, పడినవి ఏవి, నిలబడినవి ఏవి అని విడివిడిగా పేర్చి చూస్తారు. 2ని పక్కనపెడితే, నాలుగుతో భాగించినప్పుడు శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలన్నిటికీ ఆ మాట నిజమేనని చివరికి పట్టుకుంటారు. నాకు యాభై దాటాక ఒక విద్యార్థిని తెచ్చి చూపించిన కాగితంలో ఇది చూశాను. అంతవరకు నేను ఇంటూ కొట్టి వదిలేసిన పేజీలన్నీ కళ్లముందు తిరిగాయి.

4. మాట్లాడని పిల్ల నోటుబుక్కు మాట్లాడుతుంది.

క్లాసులో చివరి బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. చేయి ఎత్తేది కాదు. సిఫారసు ఉత్తరం అడిగితే "క్రమశిక్షణ గల విద్యార్థిని, వినయశీలి" అని నాలుగు వరుసలు రాసిచ్చాను. సీటు రాలేదు. జూన్‌లో ఆమె వదిలేసి వెళ్లిన నోటుబుక్కు తిరగేస్తే, మార్జిన్లలో సన్నటి పెన్సిలు రాతలు. నేను చెప్పిన నిరూపణకు మరో దారి, అందులో సగం తప్పు, మిగతా సగం నా దారి కంటే సూటి. ఉత్తరంలో రాయాల్సింది అది. అందుకే నీకు చెబుతున్నాను, ఉత్తరం అడగడానికి వెళ్లేటప్పుడు నీ మార్కుల జాబితా కాదు, నీ కొట్టివేతలున్న పుస్తకం పట్టుకెళ్లు.

5. గడువు మార్చిలో ఉన్నా పని డిసెంబరుదే.

మంచి శిబిరాల దరఖాస్తుతో పాటు వచ్చే లెక్కలు ఒక రాత్రిలో తేలేవి కావు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

6. మొహమాటం పిల్లవాడి వేసవిని మింగేస్తుంది.

ఉన్నవాటిలో గట్టివి అనదగ్గవి కొన్ని ఉచితం. 1984లో మొదలై ఎంఐటీలో జరిగే రిసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకు డబ్బు తీసుకోరు, దొరకడం మాత్రం మహా కష్టం. 1954 నుంచి టెల్యురైడ్ అనే సంస్థ నడుపుతున్న వేసవి చదువూ ఉచితమే. ఫీజు ఉన్న మంచి చోట్ల చాలావాటిలో సాయం అడిగే ఫారం ఉంటుంది. మన తెలుగువాడే, మోటెల్లో రాత్రి డ్యూటీ చేసే ఒక తండ్రి, కొడుక్కి సీటు వచ్చాక కూడా ఆ ఫారం నింపలేదు. "మనం చేయి చాచేవాళ్లం కాదు మేడమ్" అన్నాడు. ఆయన గౌరవం చూసి నేను నోరు మెదపలేదు. అబ్బాయి ఆ వేసవంతా సూపర్‌మార్కెట్లో బండ్లు తోశాడు. ఆ సాయం దానం కాదు, ఆ పిల్లవాడి కోసమే పక్కన పెట్టిన డబ్బు అని గట్టిగా చెప్పాల్సింది నేను.

గుంటూరు నుంచి బంధువులు ఫోన్ చేస్తారు, లక్షలు పోసి పిల్లాణ్ణి రెండు వారాలకు ఇక్కడికి పంపమంటారా అని. పిల్లవాడు తొమ్మిదో తరగతైతే, ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా అనే బడిపిల్లల కార్యక్రమానికి ముందు దరఖాస్తు పెట్టించమంటాను. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. అది జరిగే కేంద్రాల్లో మన శ్రీహరికోట కూడా ఉంది.

7. లెక్క ఎవరిదైతే కలమూ వాళ్ల చేతిలోనే ఉండాలి.

ఇది చెప్పడానికే ఇన్ని చెప్పాను. మా అబ్బాయి ఒక గణిత శిబిరానికి దరఖాస్తు పెట్టాడు. ఆరు లెక్కలు. ఐదోది వాడికి రాలేదు. రేపు గడువనగా, వాడు పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నేను చేసి పెట్టాను. పొద్దున్నే వాడు ఏమీ అనకుండా తన చేతిరాతతో ఎత్తి రాశాడు. సీటు వచ్చింది. స్వీట్లు పంచాను.

నాలుగో రోజు హాస్టల్ నుంచి ఫోన్. "అమ్మా, ఇక్కడందరూ అప్లికేషన్ లెక్కల గురించే మాట్లాడుకుంటున్నారు. ఐదోది ఎలా చేశావని అడిగితే ఏం చెప్పను?" గుర్తులేదని చెప్పమన్నాను. పదో రోజుకు కడుపునొప్పి అని ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత లెక్కల జోలికి పోలేదు. లా చదివాడు, బాగానే ఉన్నాడు. వాడికి నలభై ఏళ్లొచ్చాక ఒకసారి ఆ సంగతి ఎత్తి, తప్పు చేశాన్రా అన్నాను. "తెలుసమ్మా" అన్నాడు. అంతే.

మొన్న ఆదివారం వాడి కూతురు అదే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. మూడో లెక్క మీద రెండు రోజులుగా ఉంది. "నానమ్మా, ఒక్క హింట్ ఇవ్వవూ?" అంది. నాకు దారి కనబడుతూనే ఉంది. బుట్టెడు చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. "ఎక్కడిదాకా వచ్చావో చెప్పు" అన్నాను. చెప్పింది. "ఎక్కడ పడిపోయింది?" అన్నాను. కాసేపు చూసి, మళ్లీ పెన్సిలు తీసుకుంది. మా అబ్బాయి మంచినీళ్లకని వచ్చి, దాని కాగితం వైపూ నా చేతుల వైపూ చూశాడు. ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని, నా బుట్టలోంచి గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాడు.

ఆ లెక్క దానికి ఇంకా రాలేదు. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.