ఒకే అచ్చుతో ముగిసే పేర్లు – అర్థం చూసి పెడదాం

మగపిల్లవాడు పుట్టగానే ఇంట్లో పేరు గురించి మాట మొదలవుతుంది. పెద్దవాడు అలీ అయితే చిన్నవాడికి వలీ అనో, గనీ అనో పెట్టాలని తల్లిదండ్రులు ముచ్చటపడతారు. అన్నదమ్ముల పేర్లు ఒకే అచ్చుతో ముగియడంలో తప్పేమీ లేదు. మూసా, ఈసా, యహ్యా, జకరియ్యా (అలైహిముస్సలాం) అనే ప్రవక్తల పేర్లన్నీ 'ఆ'కారంతోనే ముగుస్తాయి. అయితే చెవికి ఒకేలా వినిపించే పేర్లన్నీ ఒకే కోవకు చెందవు. కొన్ని దాసునికి తగినవి, కొన్ని ప్రభువుకు మాత్రమే చెల్లేవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు బాగా పరిచయమైన 'ఈ'కారాంత పేర్లను తీసుకుని ఈ తేడాను పరిశీలిద్దాం.

'ఈ'కారం మూడు విధాలు

మొదటి విధంలో 'ఈ'కారం అరబీ పదంలోనే అంతర్భాగం. అలీ అంటే ఉన్నతుడు. గనీ అంటే ఎవరి అక్కరా లేనివాడు, సంపన్నుడు. హాదీ అంటే మార్గం చూపేవాడు. బారీ అంటే సృజించేవాడు. బాఖీ అంటే శాశ్వతంగా మిగిలి ఉండేవాడు.

రెండవ విధంలో అది సంబంధాన్ని తెలుపుతుంది. జీలానీ అంటే ఇరాన్‌లోని జీలాన్ ప్రాంతానికి చెందినవాడు. మహబూబాబాద్ ఊరి పేరులో ఉన్న 'మహబూబ్' అనే మాటకు ప్రియమైనవాడు అని అర్థం. మన పల్లెల్లో వినిపించే మహబూబ్ సుభానీ అనే పేరు, హిజ్రీ 561 (క్రీ.శ. 1166)లో మరణించిన షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మలై) బిరుదు నుంచి వచ్చింది. సుబ్‌హాన్ అంటే పరమ పవిత్రుడైన అల్లాహ్. ఆయనకు ప్రియమైనవాడని ఆ బిరుదు భావం.

మూడవ విధం ఫార్సీ నుంచి వచ్చింది. బందా అంటే దాసుడు, బందగీ అంటే దాస్యం, ఆరాధన. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడేనికి చెందిన షేక్ బందగీ పేరు తెలంగాణ చరిత్రలో నిలిచిపోయింది. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలాన్ని ఎదిరించి న్యాయస్థానంలో పోరాడిన ఆయన 1940లో హత్యకు గురయ్యాడు. దాస్యం అనే అర్థమున్న పేరు గల మనిషి దొర ముందు తల వంచలేదు. దాస్యం ఎవరికి చెల్లాలో తెలిసినవారికి ఆ పేరు ఎంత లోతైనదో అర్థమవుతుంది.

అబ్ద్ అనే మాటను వదలకండి

అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు (సహీహ్ ముస్లిం). ఆ రెండింటిలోనూ మొదట ఉన్నది 'అబ్ద్', అంటే దాసుడు. అబ్దుల్ బారీ అంటే సృష్టికర్త దాసుడు. ఆ పిల్లవాణ్ణి ముద్దుగా 'బారీ' అని పిలిస్తే దాసుణ్ణి తీసేసి సృష్టికర్త పేరును మనిషికి తగిలించినట్లవుతుంది. ఖాలిఖ్, రజ్జాఖ్, రహ్మాన్ అనే పేర్ల విషయమూ ఇంతే.

మరి అలీ సంగతేమిటి? కొన్ని పదాలు అల్లాహ్ గుణాలుగా సంపూర్ణమైన అర్థంలోనూ, మనుషులకు పరిమితమైన అర్థంలోనూ వాడబడతాయని ధర్మపండితులు వివరించారు. హజ్రత్ అలీ (రజి) పేరు, హజ్రత్ ఉస్మాన్ (రజి)ను మనం 'గనీ' అని గౌరవంగా పిలవడం ఇందుకు ఉదాహరణలు. అందుకే అలీ, హాదీ అని విడిగా పెట్టుకోవచ్చు. బారీ అని విడిగా పెట్టకూడదు. ఇక అబ్దున్నబీ వంటి పేరులో దాస్యం అల్లాహ్‌కు బదులు ప్రవక్తకు అంటగట్టినట్లవుతుంది గనుక పండితులు దాన్ని వారించారు.

దీర్ఘం పోతే అర్థం మారుతుంది

తెలుగు నాలుక పదం చివరి దీర్ఘాన్ని నిలవనివ్వదు. సంస్కృత 'నదీ' మనకు 'నది' అయినట్లే అలీ 'అలి' అవుతుంది, గనీ 'గని' అవుతుంది. సింగరేణి బొగ్గు గనులున్న భూపాలపల్లిలో 'గని' అనగానే ఎవరికైనా బొగ్గుబావే గుర్తొస్తుంది! బారీ 'బారి' అయితే 'ఆపద బారిన పడటం' అనేటప్పటి బారి అవుతుంది. బాఖీ 'బాకీ' అయితే తీర్చవలసిన అప్పు. విచిత్రమేమిటంటే తెలుగు బాకీ కూడా 'మిగిలినది' అనే అదే అరబీ పదం నుంచి వచ్చింది. కాబట్టి రాసేటప్పుడు గుడిదీర్ఘం మరచిపోకూడదు.

పేరు తరతరాలకు

హజ్న్ అనే పేరు గల ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చారు. హజ్న్ అంటే కఠినమైనది. ఆ పేరును సహ్ల్ (సులువైనది) అని మార్చుకోమని ప్రవక్త (సల్లం) సూచించగా, తండ్రి పెట్టిన పేరు మార్చుకోనని ఆయన అన్నారు. ఆ తర్వాత తమ కుటుంబంలో ఆ కరుకుదనం కొనసాగుతూనే వచ్చిందని ఆయన మనవడు సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మలై) చెప్పుకున్నారు (సహీహ్ బుఖారీ). పేరు అర్థాన్ని తేలిగ్గా తీసుకోరాదని ఈ సంఘటన మనకు నేర్పుతుంది.

పేరు పుట్టిన రోజే పెట్టవచ్చు. ప్రవక్త (సల్లం) తమ కుమారునికి ఇబ్రాహీం అని పుట్టిన రాత్రే నామకరణం చేశారు. ఏడవ రోజున అఖీఖాతో పాటు పెట్టడం కూడా సంప్రదాయమే. ఆ వ్యవధిలో అర్థం తెలిసిన ఆలిమ్‌ను సంప్రదించండి. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు అప్పటికి తేలకపోతే 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకూ జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. అందులో 'అబ్దుల్' ఒకచోట, 'బారీ' మరోచోట విడిపోకుండా 'అబ్దుల్ బారీ' అని పూర్తిపేరు ఒకేచోట రాయించండి. ఇంట్లో, వీధిలో, బడిలో కూడా అలాగే పిలవండి. పిలిచిన ప్రతిసారీ ఆ బిడ్డకు తాను ఎవరి దాసుడో గుర్తుకొస్తుంది.

మన సంతానానికి మంచి పేరునూ, ఆ పేరుకు తగిన నడవడికనూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.