ఫిట్స్ వచ్చాయని ఆర్మీ పంపేసింది, మళ్లీ చేరవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడిని ఆరేళ్ల సర్వీసు తర్వాత, 2021లో ఫిట్స్ కారణంగా ఆర్మీ నుంచి పంపేశారు. డిజేబిలిటీ పెన్షన్ కూడా ఇవ్వలేదు. అప్పీలు చేస్తే మళ్లీ తీసుకుంటారా?
- ఒక అన్న, పుంగనూరు

జవాబు: తిరిగి చేరడం మీద ఆశ పెట్టుకోవద్దండీ. మాజీ సైనికులను తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు కూడా షేప్-1, అంటే సైన్యం లెక్కలో పూర్తి ఆరోగ్యం, ఉండాలి. పోరాడాల్సింది పెన్షన్ కోసం. అందులో మీ తమ్ముడి పక్షాన గట్టి బలం ఉంది.

ముందు మెడికల్ బోర్డు కాగితం, ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16, తీసి చూడండి. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు అని ఒక్క ముక్క రాసి, కారణం చెప్పకుండా వదిలేశారా? 2013లో సుప్రీంకోర్టు తేల్చిన సైనికుడు ధరంవీర్ సింగ్ కేసులోనూ అంతే. ఆయనదీ ఫిట్స్ జబ్బే. చేరేటప్పుడు జబ్బున్నట్టు రికార్డులో లేకపోతే అది సర్వీసులోనే వచ్చిందని భావించాలి, కాదని నిరూపించే భారం సైన్యానిదే, సైనికుడిది కాదు అని కోర్టు చెప్పింది. బోర్డు కారణాలు రాసితీరాలని కూడా చెప్పింది.

పెన్షన్ నిరాకరించిన ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు రికార్డ్ ఆఫీసుకు పంపాలి. గడువు దాటినా వదిలేయకండి, ఆలస్యానికి కారణం రాసి పంపండి. అక్కడా కాదంటే రెండో అప్పీలు, ఆపైన చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆలస్యమైతే బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు. అందుకే ఈ నెలలోనే కదలండి.

మీ తమ్ముడు మదనపల్లెలోనో కుప్పంలోనో డాక్టరుకు చూపించుకుంటుంటే ఆ చీటీలన్నీ జాగ్రత్త చేయండి. చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పీలు రాయడానికి సాయం అడగండి.