టైర్లు మార్చిన పిదప గాలి సూచికను సరిచేయుట

పాల నమూనా సీసాల నంబర్లు తారుమారైతే ఒకరి వెన్న శాతం మరొకరి ఖాతాలో పడుతుంది. ముందు టైర్లను వెనుకకు, వెనుకవి ముందుకు మార్చినపుడు కారు గాలి సూచికలోనూ ఇదే జరుగవచ్చు. వెనుక టైరులో గాలి తగ్గితే ముందు టైరు పేరు చూపుతుంది. గాలి తగ్గిన టైరు అలాగే నడిచి, వేడెక్కి, పగిలే ప్రమాదమున్నది.

సూచికలు రెండు రకాలు. మొదటి రకంలో ప్రతి చక్రంలోను బ్యాటరీతో పనిచేసే సెన్సారు, దానికి సొంత నంబరు ఉంటాయి. ఏ నంబరు ఏ మూలకు మారినదో కారుకు తెలియాలి. కొన్ని కార్లు కొంత దూరం నడిపితే తామే గ్రహిస్తాయి. కొన్నింటికి మెకానిక్ వద్ద పరికరం కావాలి. రెండవ రకంలో టైరులో సెన్సారు ఉండదు. గాలి తగ్గిన చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడాను ఏ.బి.ఎస్. పసిగడుతుంది.

సభ్యులు గమనించవలసినవి:

1. టైర్లు చల్లగా ఉన్నపుడు, డ్రైవరు తలుపు వద్ద చీటీలోని కొలత ప్రకారం గాలి నింపవలెను. ముందు వెనుకలకు కొలత వేరు కావచ్చును.

2. ఆ తరువాతనే, కారు పుస్తకంలో చెప్పినట్లు రీసెట్ చేయవలెను. రెండవ రకంలో గాలి తక్కువగా ఉండగా రీసెట్ చేస్తే ఆ తక్కువే సరియైనదని కారు నమ్ముతుంది. పాలక్యాను కాటాపై ఉండగా సున్న పెట్టినట్లే.

3. నెలకొకసారి గేజితో స్వయంగా చూడవలెను.

ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ సూచిక, పంక్చరు సామగ్రి ఉన్న కార్లకు స్టెపినీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది. కనుక బోయిగూడలో మార్పించినా, మీ ఊరిలో మార్పించినా, "రీసెట్ చేశారా?" అని అడిగిన పిదపనే బండి తీసుకొనండి.