విరిగిన ఎముక చెప్పే పాఠం

ఇంటికి దూలాలు, వాసాలు ఎటువంటివో దేహానికి ఎముకలు అటువంటివి. దూలానికి చెదలు పట్టినా పైకి కనిపించదు. కప్పు కుంగిన నాడే ఆ సంగతి తెలుస్తుంది. ఎముకలను గుల్లబరిచే వ్యాధి కూడా అటువంటిదే. వైద్యులు దీనిని ఆస్టియోపోరోసిస్ అంటారు. నొప్పి గాని, జ్వరం గాని లేకుండా ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. పెరటిలోని పాచి మీద కాలు జారి, వృద్ధురాలి తుంటి విరిగిన రోజున బయటపడుతుంది.

ఎముక ప్రాణం లేని రాయి కాదు. పాత భాగాన్ని కరిగించే కణాలు, కొత్త భాగాన్ని నిర్మించే కణాలు అందులో నిరంతరం పనిచేస్తుంటాయి. యౌవనంలో నిర్మాణానిదే పైచేయి. నడివయసు దాటే కొద్దీ క్షయం పెరుగుతుంది. ఋతుక్రమం ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడం వల్ల ఆ క్షయం మరింత వేగంగా సాగుతుంది. ఎముకకు గట్టిదనాన్ని ఇచ్చే ప్రధాన ఖనిజాలు కాల్షియం, ఫాస్ఫరస్. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి దేహద్రవాలలోని ఫాస్ఫరస్‌ను కొలవడానికి ప్రపంచమంతటా ఉపయోగపడింది. మన ఆహారంలో ఫాస్ఫరస్‌కు సాధారణంగా కొరత లేదు. కొరత అంతా కాల్షియానికే.

కృష్ణా డెల్టా దీనికి చక్కని ఉదాహరణ. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువలు పారడంతో ఈ ప్రాంతం వరికి పుట్టినిల్లయింది. తెల్లని అన్నం కడుపు నింపింది. కాని నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములకు మించి ఉండదు. అంతే బరువున్న రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. ఇక సూర్యరశ్మి మాట. బెజవాడ ఎండలకు కొదవ లేదు. అయినా ఎండకు వెరచి నీడపట్టున ఉండేవారి చర్మంలో విటమిన్ డి తగినంత తయారు కాదు. తిరుపతి పరిసరాలలో ఆరోగ్యవంతులను పరీక్షించిన పరిశోధకులు వారి ఆహారంలో కాల్షియం, రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉన్నాయని 2007లో వెల్లడించారు. పల్లె ప్రజల కంటె పట్టణవాసులలో విటమిన్ డి మరింత తక్కువగా ఉంది.

తుంటి విరిగినప్పుడు నాటుకట్టుతో కాలయాపన చేయరాదు. వీలైనంతవరకు రెండు రోజులలోపే శస్త్రచికిత్స జరిపించి, మరునాటి నుండే రోగిని లేపి నడిపించాలి. మంచానికే పరిమితమైతే ఊపిరితిత్తులలో నిమ్ము చేరుతుంది. ఒంటిపై పుండ్లు పడతాయి. కాళ్ల సిరలలో రక్తం గడ్డకడుతుంది. చాలామంది వృద్ధులు ఏడాది తిరగకముందే మరణించడానికి ఇవి కూడా కారణాలు.

ఎముక అతికినంత మాత్రాన వ్యాధి నయమైనట్లు కాదు. నిలుచున్న ఎత్తు నుండి పడి తుంటి విరిగిందంటే, మిగిలిన ఎముకలు కూడా బలహీనమైనవని అర్థం. మరొక ఎముక విరిగే ప్రమాదం మొదటి రెండేళ్లలో అత్యధికం. ఇంటివారు మరచేది దీనినే. కుట్లు విప్పగానే కథ ముగిసిందనుకుంటారు. తుంటి శస్త్రచికిత్స జరిగిన రెండువేల మందికి పైగా రోగులపై జరిగిన ఒక అంతర్జాతీయ పరిశోధన 2007లో వెలువడింది. అందులో అందరికీ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. వీటితోపాటు ఏడాదికొక జోలెడ్రానిక్ ఆమ్లం సూదిమందు పొందినవారిలో 8.6 శాతం మందికి, అది పొందనివారిలో 13.9 శాతం మందికి మళ్లీ ఎముకలు విరిగాయి. మొదటి వర్గంలో మరణాలు కూడా తగ్గాయి. అనగా కాల్షియం మాత్రలు అవసరమే గాని, అవి మాత్రమే చాలవు. ఏ మందు తగినదో మూత్రపిండాల పనితీరును, రక్తంలోని కాల్షియాన్ని పరీక్షించి వైద్యుడే నిర్ణయించాలి.

మందుతోపాటు ఇల్లు కూడా మారాలి. స్నానాలగది గచ్చు మీద పాచి తొలగించాలి. గోడకు పట్టుకోవడానికి కమ్మీ బిగించాలి. రాత్రివేళ మంచం నుండి మరుగుదొడ్డి వరకు దీపం వెలగాలి. చేతికర్ర అందుబాటులో ఉండాలి. కంటిలో శుక్లాలుంటే తీయించాలి. మగత కలిగించే మందులను గూర్చి వైద్యునితో మాట్లాడాలి.

ఇదంతా అవ్వా తాతల వ్యవహారమని విద్యార్థులు భావించరాదు. జీవితాంతం ఖర్చు చేయవలసిన ఎముకల పెట్టుబడిలో అధికభాగం ఇరవై ఏళ్లలోపే కూడుతుంది. తెల్లవారు నుండి రాత్రి వరకు తరగతి గదులలో, వసతిగృహాలలో గడిపే విద్యార్థికి ఎండా తగలదు, ఆటా ఉండదు. పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు, ముల్లుతో తినదగిన చిన్నచేపలు ఆహారంలో చేరాలి; దినానికొక గంట ఆట ఉండాలి. నేడు కూడబెట్టిన బలమే రేపటి వృద్ధాప్యానికి ఊతకర్ర.

ప్రశ్నలు

1. ఎముకలు గుల్లబారే వ్యాధిని చెదలు పట్టిన దూలంతో ఎందుకు పోల్చారు?
2. ఎండకు కొదవ లేని ప్రాంతంలో విటమిన్ డి లోపం ఎందుకు కలుగుతుంది?
3. తుంటి శస్త్రచికిత్స జరిగిన వృద్ధురాలు మీ ఇంటికి తిరిగి వస్తే, మరల పడకుండా మీరు చేపట్టవలసిన చర్యలను వివరించండి.